స్కార్లెట్ 2ఐ2 మూడో తరం: పాడుతూ మన గొంతు మనం వినడానికి

శ్రుతి ట్రాకును హెడ్‌ఫోన్‌లో వింటూ పాడేవారికి తమ గొంతు కాస్త ఆలస్యంగా వినిపించినా తాళం జారిపోతుంది. మైకులోని ధ్వని కంప్యూటరులోకి వెళ్లి తిరిగి చెవికి చేరాలి కనుక ఆ ఆలస్యం తప్పదు. సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున రికార్డు చేస్తూ బఫర్‌ను, అంటే కంప్యూటరు ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్కను, 256 శాంపిళ్ల దగ్గర ఉంచితే లోపలికి రావడానికి 5.3 మిల్లీసెకన్లు, బయటికి పోవడానికి మరో 5.3 పడతాయి, ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే కన్వర్టర్ల జాప్యం వీటికి అదనం. బఫర్‌ను బాగా తగ్గిస్తే పాత లాప్‌టాప్‌లలో చిటపటలు మొదలవుతాయి.

2019లో వచ్చిన ఫోకస్‌రైట్ వారి స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), ముందువైపున్న డైరెక్ట్ మానిటర్ స్విచ్‌తో ఆ చిక్కును తప్పిస్తుంది. దానిని వేయగానే మైకు ధ్వని కంప్యూటరుతో పనిలేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది, బఫర్ ఎంత పెద్దదైనా ఇబ్బంది ఉండదు. ఒక్క మైకుతో పాడేవారు స్విచ్‌ను మోనోలోనే ఉంచాలి, ఎందుకంటే స్టీరియోలో మొదటి ఇన్‌పుట్ ఎడమ చెవికి, రెండవది కుడి చెవికి విడిపోతాయి. రీపర్ వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్‌ను, అంటే పాడుతున్న గొంతును సాఫ్ట్‌వేర్ తిరిగి వినిపించడాన్ని, ఆపివేయడం కూడా అవసరం. లేకపోతే అసలు గొంతు వెనుకనే దాని నీడ కూడా వినిపిస్తుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. గొంతుకూ ట్రాకుకూ పాళ్లు కుదుర్చుకునే మిక్స్ నాబ్ ఈ పెట్టె మీద లేదు. ప్రీసోనస్ ఆడియోబాక్స్ యూఎస్‌బీ 96 మీద ఆ నాబ్ ఉండగా, ఇంత పేరున్న పెట్టెకు లేకపోవడం లోపమనే అంటాను. గొంతు పెద్దగా వినిపించాలని గెయిన్ (మైకు ధ్వనిని హెచ్చించే స్థాయి) పెంచితే రికార్డయ్యే స్థాయి కూడా పెరిగి ధ్వని పగిలిపోయే ప్రమాదం ఉంది కనుక, సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి ట్రాకును తగ్గించి హెడ్‌ఫోన్ నాబ్‌ను పెంచడమే మార్గం.

నేరుగా వచ్చే గొంతుకు రివర్బ్ (మారుమోత) ఉండదు, ఆ పొడిదనం కొందరికి పాడబుద్ధి కానివ్వదు. అటువంటివారు సాఫ్ట్‌వేర్ మానిటరింగ్‌ను మళ్లీ తెరిచి, ఆ ట్రాకు మీద రివర్బ్‌ను పూర్తిగా వెట్‌లో (అసలు గొంతు కలవకుండా) ఉంచితే, అసలు గొంతు పెట్టె నుంచి, దాని మారుమోత మాత్రమే కంప్యూటరు నుంచి వస్తాయి. మారుమోత కొన్ని మిల్లీసెకన్లు వెనుకబడినా చెవికి ఎబ్బెట్టుగా తోచదు.