నేరుగా పుష్ చేయాలా, బ్రాంచిలో పెట్టి చూపించాలా?

అనంతపురంలో ఇద్దరు, కడపలో ఒకరు, కర్నూలులో ఒకరు కలిసి ఒక సాఫ్ట్‌వేర్ సహాయ పుటలను తెలుగులోకి తెస్తున్నారనుకుందాం. అందరూ వాడేది గిట్, అంటే ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో గుర్తుంచుకునే సాధనం. పూర్తయిన అనువాదాన్ని నేరుగా మెయిన్ బ్రాంచిలోకి (అందరి ఉమ్మడి ప్రతిలోకి) పుష్ చేయాలా, అంటే పంపేయాలా, లేక విడి బ్రాంచిలో (పక్కన పెట్టుకున్న ప్రతిలో) ఉంచి మరొకరు చూశాక కలపాలా?

నేరుగా పుష్ చేస్తే పని చకచకా సాగుతుంది. నలుగురే ఉన్నచోట అదే మేలనిపిస్తుంది కూడా. చిక్కంతా అనువాదాలుండే పీవో ఫైళ్లతోనే. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసినప్పుడల్లా పొడవైన వరుసలను తమ లెక్క ప్రకారం మళ్లీ విరుస్తాయి, పైభాగంలోని సవరణ తేదీని మారుస్తాయి. మీరు దిద్దింది ఒక్క మాటే అయినా తేడాలు పదుల వరుసల్లో కనిపిస్తాయి. కడపలో అదే ఫైలు దిద్దుతున్నవారి పనితో ఢీకొంటాయి. విసిగిపోయి ఫోర్స్ పుష్ చేశారా, అంటే అక్కడున్నదాన్ని తోసేసి మీ ప్రతినే పెట్టారా, అవతలివారి కమిట్లు (నమోదు చేసిన మార్పులు) మెయిన్ బ్రాంచి నుంచి మాయం. (వారి కంప్యూటర్‌లో మిగిలే ఉంటాయి, స్నేహం సంగతి చెప్పలేం.)

బ్రాంచి పద్ధతి నెమ్మది. చూడాల్సినవారు పరీక్షల హడావుడిలో ఉంటే వారాలు ఆగాలి. ఈలోగా మూలంలోని ఇంగ్లీషు వాక్యం కొద్దిగా మారితే, పీవో ఫైళ్లను తాజాపరిచే సాధనమైన గెట్‌టెక్స్ట్ పాత అనువాదానికి ‘ఫజీ’ (సరిచూడాలి అనే) గుర్తు తగిలిస్తుంది. ఎవరూ సరిచూడకపోతే మామూలుగా పాఠకుడికి ఇంగ్లీషే కనిపిస్తుంది. వాక్యం చదవకుండానే ఆ గుర్తు తీసేసే తొందరపాటువారు ప్రతి బృందంలోనూ ఉంటారు. వారికోసమైనా నా ఓటు బ్రాంచికే. అక్షరదోషాలను మాత్రం నేరుగా దిద్దనివ్వండి. వరుసలు విరిచే మార్పులను వేరే కమిట్‌లో పెట్టమనండి.