పావు ఇంచు పంచాయితీ: అతుకుల బొంత సామాన్లతో ఆరేళ్ళు

నేను నల్గొండలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మిషన్ ఖాళీగా ఉంటుంది. 2019 ఆషాఢంలో ఆ ఖాళీలోనే, సంచి నిండా పోగుపడిన జాకెట్ ముక్కలతో అతుకుల బొంత మొదలుపెట్టాను. మూడున్నర ఇంచుల చదరాలు తొమ్మిది కలిపితే ఒక బ్లాక్. అది తొమ్మిదిన్నర ఇంచులు రావాలి. ఇరవై బ్లాకులు కుట్టి హాల్లో పరిచి చూస్తే కొన్ని తొమ్మిదిన్నర, కొన్ని తొమ్మిదింబావు, రెండు మూడు ఎటూ కానివి. పక్కపక్కన పెడితే ఒక్క గీతా ఇంకో గీతతో కలవలేదు. మా అత్తమ్మ అన్నం తింటూ చూసి, "బొంతకు గూడ టేపు పెడ్తరా బిడ్డా? మేం మూర ఏసి కుట్టినం, ఎవలకన్న సలి పెట్టిందా?" అంది.

ఆమె మాటా నిజమే. పాత చీరలు పొరలుగా పరిచి దబ్బనంతో కుట్టే మన బొంతలో గుడ్డ నిలువునా ఒకటే కాబట్టి అర ఇంచు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. చిన్న ముక్కలు కలిపి నక్షత్రమో, చక్రమో తెప్పించే బొంతలో మాత్రం ప్రతి కుట్టు దగ్గరా తప్పు పేరుకుంటూ పోతుంది. వడ్రంగుల లెక్కలో చెప్తాను: ఇంచుకు ఎనిమిది సూత్‌లు. కుట్టు మార్జిన్, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే గుడ్డ, పావు ఇంచు ఉండాలి, అంటే రెండు సూత్‌లు. నేను అర సూత్ ఎక్కువ పట్టాననుకోండి. రెండు ముక్కల వైపూ కలిపి ఆ ఒక్క కుట్టు దగ్గరే ఒక సూత్ పోతుంది. బ్లాక్ అడ్డంగా రెండు కుట్లు, కాబట్టి రెండు సూత్‌లు పోయాయి. నా తొమ్మిదిన్నర తొమ్మిదింబావు అయింది అలాగే. జాకెట్ కుట్టేవాళ్ళకు ఇది తలకెక్కడానికి టైం పడుతుంది. మనం మార్జిన్ వదిలేదే రేపు లావైతే విప్పుకోవడానికి. ఇక్కడ మార్జిన్ కూడా కొలతలో భాగమే.

ఆ రోజు నుంచి కొన్న సామాన్లు, వదిలేసినవి, ఇంకా వాడుతున్నవి రాస్తున్నాను.

మొదట కొన్నది రోటరీ కట్టర్. పిజ్జా కోసే చక్రంలా ఉంటుంది. 1979లో జపాన్‌లోని ఓల్ఫా కంపెనీ తెచ్చిన పనిముట్టు ఇది. నాది 45 మిల్లీమీటర్ల బ్లేడు. కత్తెరతో కోసేటప్పుడు గుడ్డ బల్ల మీద నుంచి లేస్తుంది, లేచిన ప్రతిసారీ గీత కొంచెం జరుగుతుంది. చక్రంతో గుడ్డ లేవదు. నాలుగు పొరలు ఒకేసారి నిటారుగా తెగుతాయి. ఆరేళ్ళలో కట్టర్ పిడి ఒకటే, బ్లేడులు మాత్రం లెక్కలేనన్ని మార్చాను. చవక బ్లేడుల డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి మోసపోయాను. రెండో రోజుకే ఒకచోట కోసి ఒకచోట వదిలేయడం మొదలైంది. తెగని చోట మళ్ళీ నొక్కి కోస్తే అంచు వంకర పోతుంది. ఇంకో మాట, ఇది ఆట వస్తువు కాదు. స్కేలు పట్టుకున్న ఎడమ చెయ్యి చిటికెన వేలు అంచు దాటి ఉన్న సంగతి చూసుకోక, గోరు పక్కన చర్మం లేపేసుకున్నాను. కోత అయిన ప్రతిసారీ బ్లేడు మూసెయ్యడం ఆ రోజు నుంచే అలవాటైంది.

మందమైన అక్రిలిక్ స్కేలు మీద మాత్రం పైసలు వెనకాడకుండా పెట్టండి. ఆరు ఇంచుల వెడల్పు, ఇరవై నాలుగు ఇంచుల పొడవుది ఒకటి, ఆరున్నర ఇంచుల చదరం ఒకటి, ఇవి రెండు చాలు. జిగ్‌జాగ్ ఆకారాలకని, వజ్రాలకని రకరకాల స్కేళ్ళు నేనూ కొన్నాను. అవన్నీ బీరువా మీద దుమ్ము కొట్టుకుంటున్నాయి. వాడేదేదో ఒకటే స్కేలు మొదటి బ్లాక్ నుంచి చివరి బ్లాక్ దాకా వాడాలి. రెండు కంపెనీల స్కేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే గీత మందమే వేరుగా ఉంది నా దగ్గర. జారకుండా ఎమ్రీ పేపర్ బొట్టుబిళ్ళంత ముక్కలు కత్తిరించి స్కేలు అడుగున అంటించాను. ఆ పనికి కొత్త స్టిక్కర్లు కొననవసరం లేదు.

కట్టర్‌తో కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే కటింగ్ మ్యాట్ గురించి నల్గొండ వాళ్ళకు ఒక్కటే చెప్తాను. మే నెలలో దాన్ని కిటికీ దగ్గర నిలబెట్టకండి. నాది పద్దెనిమిది బై ఇరవై నాలుగు ఇంచులది. ఒక మధ్యాహ్నం ఎండ తగిలితే అప్పడంలా మూల లేచింది. బియ్యం బస్తా కింద వారం పెట్టినా పూర్తిగా దిగలేదు. వంగిన మ్యాట్ మీద స్కేలు సరిగ్గా ఆనదు, ఆనకపోతే కోత జరుగుతుంది. ఇప్పుడు రెండో మ్యాట్, మంచం కింద పడుకోబెట్టి ఉంటుంది. మ్యాట్ మీద ముద్రించిన గీతలతో కొలవడం కూడా మానేశాను. కొలత ఎప్పుడూ స్కేలుదే.

ఇంత కొన్నా మొదటి ఏడాది నా బ్లాకులు కుదరలేదు. ఎందుకంటే తప్పు కోతలో లేదు, కుట్టులో ఉంది.

నా దగ్గర రెండు మిషన్లు. ఒకటి అత్తమ్మ కాలం నాటి నల్ల తొక్కుడు మిషన్, నిటారు కుట్టు తప్ప ఇంకేమీ రాదు. రెండోది ముచ్చటపడి కొన్న జిగ్‌జాగ్ కరెంటు మిషన్. బొంతకు కొత్తదే బాగుంటుందనుకున్నాను. దాని ప్లేటులో సూది దిగే రంధ్రం వెడల్పుగా ఉంటుంది, జిగ్‌జాగ్‌కు సూది అటూ ఇటూ కదలాలి కదా. త్రిభుజం ముక్క కొన పెట్టగానే ఆ సందులోకి గుంజేసుకుంటుంది. నల్ల మిషన్‌కు సూది పట్టేంత గుండ్రటి రంధ్రమే ఉంటుంది. గుడ్డ కిందికి పోయే సందే లేదు. ఆరేళ్ళుగా ముక్కలు కలపడమంతా దాని మీదే. జిగ్‌జాగ్ మిషన్ ఒక్కటే ఉన్నవాళ్ళు దానికి నిటారు కుట్టు ప్లేటు దొరుకుతుందేమో అడగండి. దొరకకపోతే ముందు ఒక పనికిరాని ముక్క మీద కుట్టు మొదలుపెట్టి, దారం తెంపకుండా అసలు ముక్కలోకి వెళ్ళండి. గుంజితే ఆ చిత్తు ముక్కనే గుంజుతుంది. అలాగే ముక్క వెనక ముక్క పూలదండలా కుట్టుకుంటూ పోతే దారమూ మిగులుతుంది.

మిషన్‌లో గుడ్డను నొక్కి పట్టే పాదాన్ని ఫుట్ అంటారు. అందులో పావు ఇంచు ఫుట్ అని ప్రత్యేకంగా దొరుకుతుంది. సూది నుంచి దాని కుడి అంచు పావు ఇంచు దూరంలో ఉంటుంది, గుడ్డ అంచు దాని వెంట నడిపిస్తే చాలంటారు. పక్కన సన్నటి రేకు ఉన్న రకం తెచ్చాను. మొదట బాగుందనిపించింది. మూడు నెలలకు ఆ రేకు కొంచెం బయటికి వంగింది, నేను చూసుకోలేదు. దాన్ని నమ్మి కుట్టిన పన్నెండు బ్లాకులు చిన్నగా వచ్చాయి. ఇప్పుడు రేకు లేని మామూలు పావు ఇంచు ఫుటే వాడుతున్నాను, దానికి తోడు ప్లేటు మీద నేను చేసుకున్న గట్టు ఒకటి. ఆ గట్టు కథే అన్నిటికన్నా పనికొచ్చింది.

స్కేలు తీసుకుని సూది కిందికి పెట్టండి. పావు ఇంచు గీత మీద, గీతకు కొద్దిగా కుడివైపు సూది దిగేలా చేత్తో చక్రం తిప్పి ఆపండి. అప్పుడు స్కేలు అంచు ఎక్కడుందో అక్కడ పేపర్ టేపు నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే గోడలా తయారవుతుంది. టేపు గుడ్డను నడిపించే ఫీడ్ పళ్ళ మీదికి రాకుండా అక్కడ కోసెయ్యాలి. అంతే, పది రూపాయల పని. పిల్లల గ్రాఫ్ పేపర్‌తో ఈ పని చేయబోతే కుదరదు. మన గ్రాఫ్ పేపర్ మిల్లీమీటర్లలో ఉంటుంది, పావు ఇంచు 6.35 మిల్లీమీటర్లు, ఏ గీత మీదా పడదు. ఇంచుల్లో మొదలుపెట్టిన బొంత చివరిదాకా ఇంచుల్లోనే సాగాలి. కొలత టేపు తిప్పి సెంటీమీటర్లలో చూసుకున్నారంటే అయిపోయినట్టే.

గీతకు కొద్దిగా కుడివైపు అన్నాను కదా, ఆ కొద్ది ఎంతంటే ఒకటి రెండు పోగులంత. సరిగ్గా పావు ఇంచు పట్టి కుడితే బ్లాక్ చిన్నదవుతుంది. ఇస్త్రీ చేసి మార్జిన్‌ను పక్కకు మడిచినప్పుడు ఆ మడతకూ, దారం మందానికీ కొంత గుడ్డ ఖర్చవుతుంది. ఇది సరిపోయిందా లేదా అని చూడడానికి నేను ప్రతి బొంతకు ముందు ఒక పరీక్ష పెట్టుకుంటాను. ఇంచున్నర వెడల్పు పట్టీలు మూడు కోసి పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేస్తాను. మధ్య పట్టీ కచ్చితంగా ఒక ఇంచు కనిపించాలి, మొత్తం వెడల్పు మూడున్నర రావాలి. తక్కువ వస్తే టేపు గట్టును పోగంత సూదివైపు జరుపుతాను. గుడ్డ మారితే, దారం మారితే మళ్ళీ పరీక్ష. జాకెట్లకు వాడే లావు దారం బొంతలో పెట్టకండి, సన్నటి కాటన్ దారమైతే మడత పల్చగా కూర్చుంటుంది. కుట్టు ఇంచుకు పన్నెండు దాకా పడాలి. పెద్ద కుట్టు వేస్తే అంచుల్లో ఊడుతుంది, మరీ చిన్నది వేస్తే విప్పేటప్పుడు ఏడుపొస్తుంది.

ఇక గుడ్డ. టూ బై టూ రుబియా జాకెట్ గుడ్డ ముక్కలంత మర్యాదగా ఇంకేవీ కుదరవు. చేనేత నూలు మెత్తన, లాగితే సాగుతుంది, అంచులు పోగులు పోతాయి. దానికి మందు గంజే. ముందు గుడ్డ ఉతికి ఆరేస్తే ముడుచుకునేది ముడుచుకుంటుంది, దిగే రంగు దిగుతుంది. తర్వాత పల్చటి గంజిలో ముంచి, నీడన ఆరేసి, తడి చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కొయ్యాలి. కోశాక గంజి పెడితే చదరం చదరంగా ఉండదు. ముదురు రంగులకు అన్నం గంజి తెల్ల మచ్చలు వేస్తుంది, సగ్గుబియ్యం గంజి నయం. గంజి పెట్టిన ముక్కలు నెలలు దాచకండి, బొద్దింకలు వాటికోసమే చూస్తుంటాయి. సీసాలో అమ్మే స్ప్రే స్టార్చ్ కూడా వాడాను. పని చేస్తుంది, కానీ అత్తమ్మ రోజూ పారబోసే గంజికన్నా ఎక్కువేం చెయ్యదు.

పోచంపల్లి ముక్కలతో ఒక తిప్పలుంది. ఇక్కత్‌లో పోగులకు ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి బొమ్మ అంచు ఎప్పుడూ కొంచెం చెదిరి ఉంటుంది. బొమ్మను చూసి కోస్తే నిలువు పోగు తప్పుతుంది. ఒక పోగు లాగి, అది వదిలిన గీత వెంట స్కేలు పెట్టి కొయ్యాలి, బొమ్మ కొద్దిగా పక్కకు పోయినా పర్వాలేదు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ ఒకే బ్లాకులో పెట్టి నూలు వేడితో ఇస్త్రీ చేశాక పట్టు మెరుపు పోయిన ముక్క ఇంకా నా దగ్గర ఉంది.

ఇస్త్రీలో నేను చేసిన పాత తప్పు పెట్టెను చొక్కా మీద లాగినట్టు లాగడం. క్రాస్‌లో, అంటే పోగుకు ఏటవాలుగా తెగిన అంచు అలా లాగితే సాగి అలలు తేలుతుంది. పెట్టెను పెట్టాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి అద్ది, తర్వాత తెరిచి అద్దాలి. ఒక వరుస మార్జిన్లు ఎడమకు, పక్క వరుసవి కుడికి మడిస్తే రెండు వరుసలు కలిపేటప్పుడు కుట్లు ఒకదానికొకటి తట్టి లాక్ అవుతాయి. వేలితోనే తెలుస్తుంది, గుండుపిన్ను కూడా అక్కర్లేదు. ఆవిరి ఇస్త్రీ పెట్టె మా బోరు నీళ్ళకు ఏడాదిలోనే తెల్లటి సున్నం కక్కింది. బాగు చేయించలేదు. ఆవిరికి గుడ్డ ఇంకా సాగుతుందని అప్పటికే తెలిసిపోయింది.

త్రిభుజాలకు నా పద్ధతి పెద్దగా కుట్టి తర్వాత తగ్గించుకోవడం. రెండున్నర ఇంచుల ముక్క కావాలంటే మూడు ఇంచుల చదరాలు రెండు ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావు ఇంచు దూరంలో కుట్టి, గీత మీద కోస్తాను. రెండు వస్తాయి. రెంటినీ ఆరున్నర ఇంచుల చదరం స్కేలుతో కచ్చితంగా రెండున్నరకు కోసేస్తాను. గుడ్డ కొంత వృథా, నిజమే. కానీ ముందే లెక్కగట్టి కోసిన రోజుల్లో నక్షత్రాల కొనలన్నీ తెగిపోయేవి. నక్షత్రం కొన పైన పావు ఇంచు గుడ్డ మిగిలి ఉండాలి, వెనక రెండు కుట్లు ఎక్స్‌లా కలిసే చోట సూది సరిగ్గా దిగాలి. గీత గియ్యడానికి సుద్ద వద్దు, దాని మందమే అర సూత్. చెక్కిన పెన్సిల్ చాలు.

ఇప్పుడు ముప్పై నక్షత్రాల బొంత నడుస్తోంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు అడిగితే నేను చెప్పే వరస ఇది: ముందు స్కేలు, తర్వాత కట్టర్, మ్యాట్, పేపర్ టేపు చుట్ట. పావు ఇంచు ఫుట్ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో నల్ల మిషన్ ఉంటే పాత సామాన్ల వాడికి వెయ్యకండి. లేకపోతే పాతదే వెతుక్కుని కొనండి. కొనేటప్పుడు సూది రంధ్రం అంచును గోటితో తడిమి చూడండి. సూది తగిలి తగిలి గీరుకుపోయి ఉంటే దారం తెగుతుంది, ఒక్క ప్లేటు మార్పించుకుంటే సరిపోతుంది. సూది కడ్డీని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. అది ఊగితే మాత్రం ఆ మిషన్ వద్దు.