కాన్సాస్ సిటీ బేస్‌బాల్ యాత్ర: ఏం చూడాలి, ఎక్కడ దిగకూడదు

డాలస్ వైపు ఉండే మనవాళ్లు ఎవరైనా కాన్సాస్ సిటీకి బయల్దేరుతుంటే ముందు ఇది చదవండి. రెండు కారణాలతో రాస్తున్నాను. మేం దిగిన హోటల్ మమ్మల్ని నిలువునా ముంచింది. అదే ఊళ్లో పది డాలర్ల టికెట్‌తో చూసిన ఒక మ్యూజియం గురించి మా నాన్న గుంటూరు వెళ్లాక కూడా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు.

2024 ఆగస్టు. మావాడికి పదకొండేళ్లు, పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో సెకండ్ బేస్ దగ్గర ఆడతాడు. నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యారు, వయసు 71, మా దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. ఆయనకి క్రికెట్ అంటే ప్రాణం. జూన్ 6న గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించిన మ్యాచ్‌కి తీసుకెళ్లాను. ఆ స్టేడియం అంతకుముందు బేస్‌బాల్ స్టేడియమనీ, 2023లో క్రికెట్‌కి మార్చారనీ చెప్తే, "అయితే ఆ ఆటేదో కూడా చూద్దాంరా" అన్నారు. అలా మొదలైంది ప్రయాణం.

ఓక్లహోమా సిటీ, విచిటా మీదుగా దాదాపు 550 మైళ్లు. భోజనానికి ఆగడంతో కలిపి పది గంటలు పట్టింది. కాన్సాస్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద ఇప్పుడు డబ్బులు తీసుకునే టోల్ బూత్‌లు లేవు, మన టోల్‌ట్యాగ్ అక్కడా పనిచేస్తుంది. దారిలో చెప్పుకోవాల్సింది ఇంకేమీ లేదు.

ఇక హోటల్. హైవే పక్కన ఉంది, పేరు రాయను. బుకింగ్ సైట్‌లో రోజుకి 89 డాలర్లు, రెండు రాత్రులకి ట్యాక్స్‌తో 209 డాలర్ల 27 సెంట్లు అని చూపించింది. రెండు క్వీన్ బెడ్లు, వేడి టిఫిన్, పార్కింగ్ ఉన్నాయని రాసి ఉంది. రాత్రి పదింటికి చేరాం. రిసెప్షన్‌లో కుర్రాడు తలెత్తకుండా, రెండు బెడ్ల గది లేదు, ఒక కింగ్ బెడ్, ఒక సోఫా బెడ్ ఉన్న గది తీసుకోండి అన్నాడు. బుకింగ్ కాగితం చూపిస్తే, "అది మీకూ సైట్‌కీ మధ్య విషయం" అన్నాడు. అప్పటికి మావాడు లాబీలో కుర్చీలోనే నిద్రపోతున్నాడు. ఆ టైములో ఇంకో హోటల్ వెతికే ఓపిక ఎవరికీ లేదు. ఒప్పుకున్నాం. అదే నేను చేసిన తప్పు.

సోఫా బెడ్ లాగితే మధ్యలో ఇనప కడ్డీ అడ్డంగా తేలి ఉంది. పైన వేసిన పరుపు అట్ట మందాన ఉంది. నాన్న "నేను పడుకుంటాలేరా, నాకు అలవాటే" అని దాని మీదే పడుకున్నారు. పొద్దున లేచేసరికి నడుము వంచలేకపోయారు. మా ఆవిడకి అప్పుడు వచ్చిన కోపం డాలస్ చేరేదాకా తగ్గలేదు, అందులో న్యాయం ఉంది. వేడి టిఫిన్ అంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మఫిన్, ఆపిల్. ఏసీ వేస్తే లారీ స్టార్ట్ చేసినట్టు మోత, ఆపితే ఉక్కపోత.

ఖాళీ చేసేటప్పుడు బిల్లు 275 డాలర్ల 60 సెంట్లు వచ్చింది. రోజుకి 18 డాలర్లు 'ప్రాపర్టీ ఫీ', 12 డాలర్లు పార్కింగ్, ఫీజు మీద మళ్లీ ట్యాక్స్. చెప్పిన దానికంటే 66 డాలర్ల 33 సెంట్లు ఎక్కువ. డబ్బు కంటే, ముసలాయన్ని కడ్డీ మీద పడుకోబెట్టి పైగా ఫీజు వేయడం నాకు మండింది. బుకింగ్ చేసేటప్పుడు తీసిన స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి సైట్ వాళ్లతో పోట్లాడితే మూడు వారాలకి 36 డాలర్లు వెనక్కి వచ్చాయి. మిగతాది పోయినట్టే. 2025 మే నుంచి ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపి మొదటే ధర చూపించాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా సరే, డబ్బు కట్టే ముందు ఆఖరి పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే ముందురోజు హోటల్‌కే ఫోన్ చేసి బెడ్లు ఎన్నో కనుక్కోండి.

ఆ నడుం నొప్పితోనే నాన్న మ్యూజియానికి వచ్చారు. పద్దెనిమిదో వీధి, వైన్ వీధి కలిసేచోట ఉంది నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం. పెద్ద లీగుల్లోకి నల్లవాళ్లని రానివ్వని రోజుల్లో వాళ్లు విడిగా నడుపుకున్న లీగుల చరిత్ర అందులో ఉంది. జాజ్ మ్యూజియం కూడా అదే భవనంలో ఉంది. మేం రెండేళ్ల క్రితం న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ వెళ్లి, బేస్‌బాల్‌లో గొప్పవాళ్లని ఎన్నుకుని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ చూశాం. చెరువు పక్కన అందమైన ఊరు, పెద్ద మ్యూజియం. కానీ 1839లో ఆ ఊళ్లో ఆబ్నర్ డబుల్‌డే అనే సైనికుడు బేస్‌బాల్ కనిపెట్టాడని 1907లో ఒక కమిటీ తేల్చిన కథ నిజం కాదు. ఆ ఏడు ఆయన వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదువుకుంటున్నాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన బ్యాటూ బంతీ ఆటలే మెల్లగా మారుతూ వచ్చాయి, 1845లో న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్ రూల్స్ రాసుకుంది. తమ ఆట ఇక్కడే పుట్టిందని చెప్పుకోవాలన్న తపనకి ఆ కథ పనికొచ్చింది. కాన్సాస్ సిటీ మ్యూజియం చెప్పేది మాత్రం ఆ తపనలో ఎవర్ని దూరం పెట్టారన్న సంగతి.

లోపలికి అడుగుపెట్టగానే కోళ్ల ఫారాలకి కట్టే ఇనప జాలీ అడ్డంగా ఉంటుంది. దాని అవతల బేస్‌బాల్ మైదానం, అందులో నిలువెత్తు కంచు విగ్రహాలు. అన్నీ ఆ లీగుల గొప్ప ఆటగాళ్లవే. బంతి విసిరే పిచ్చర్ స్థానంలో సాచెల్ పేజ్, బ్యాటర్ వెనక వంగి కూర్చున్న క్యాచర్ జాష్ గిబ్సన్. జాలీకి మనవైపున, ఆ లీగుల్లో ఆడి తర్వాత ఈ మ్యూజియం కోసం పాటుపడ్డ బక్ ఓనీల్ విగ్రహం నిలబడి లోపలికి చూస్తుంటుంది. మనం వెళ్లలేం. చరిత్రంతా చుట్టి వచ్చాకే, చివర్లో మైదానంలోకి దారి.

మావాడు జాలీ పట్టుకుని "లోపలికి ఎందుకు రానివ్వరు తాతయ్యా?" అని అడిగాడు. నాన్న వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "మా బళ్లో గ్రౌండుకి తడిక కూడా లేదు నాన్నా. అయినా మా పేట పిల్లలం లోపలికి పోయేవాళ్లం కాదు. బంతి దూరంగా పడితే తెచ్చి ఇచ్చేవాళ్లం, అంతే" అన్నారు. ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. నలభై రెండేళ్లొచ్చాక కాన్సాస్ సిటీలో విన్నాను.

ఆ తర్వాత ఆయన ప్రతి బోర్డూ నాతో చదివించి, అర్థం చెప్పించుకున్నారు. దేశంలో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్‌లో నల్లవాళ్లని తీసుకోకూడదని రూల్ పుస్తకంలో ఎక్కడా లేదు. యజమానులు లోపాయికారీగా అనుకున్న మాట అది, అరవై ఏళ్లు నడిచింది. 1920 ఫిబ్రవరిలో నల్లవాళ్ల జట్టు ఒకదాని యజమాని రూబ్ ఫాస్టర్ ఇదే పేటలోని వైఎంసీఏలో మిగతా యజమానుల్ని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. ఊరి జట్టు మోనార్క్స్ 1930లోనే లారీల మీద దీపాలు మోసుకెళ్లి రాత్రిపూట ఆడింది. మేజర్ లీగ్‌కి ఆ పని చేయడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. జాకీ రాబిన్సన్ 1945లో మోనార్క్స్‌కే ఆడాడు. 1947 ఏప్రిల్ 15న మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి ఆ గోడ కూల్చాడు. గిబ్సన్ దానికి మూడు నెలల ముందు 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్‌ని తీసుకున్నందుకు మోనార్క్స్‌కి ఒక్క డాలర్ కూడా ఇవ్వలేదు. మంచి ఆటగాళ్లంతా అటు వెళ్లిపోయాక నల్లవాళ్ల లీగులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాన్నని ఇది బాగా కదిలించింది. గెలిచిన రోజే తమ ఇల్లు ఖాళీ అయిందన్నమాట అన్నారు.

మేం వెళ్లడానికి మూడు నెలల ముందే, 2024 మేలో, మేజర్ లీగ్ వాళ్లు ఈ లీగుల లెక్కల్ని అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో కెరీర్ బ్యాటింగ్ యావరేజ్‌లో టై కాబ్ 0.367ని దాటి గిబ్సన్ 0.372తో మొదటి స్థానానికి వచ్చాడు. మన క్రికెట్ యావరేజ్‌లా కాదిది. లెక్కలోకి వచ్చే వెయ్యి అవకాశాల్లో 372 సార్లు హిట్ కొట్టాడని అర్థం. నాన్న దానికి పల్వంకర్ బాలూ కథ కలిపారు. 1911లో ఇంగ్లండ్ టూర్‌లో వందకి పైగా వికెట్లు తీసిన దళిత బౌలర్, ఆడే రోజుల్లో టీ మాత్రం విడిగా మట్టి పాత్రలో తాగాల్సి వచ్చినవాడు. మనవడికి ఆ కథ చెప్తూ చెప్తూనే ఇద్దరూ మైదానంలోకి నడిచారు. నాన్న పేజ్ విగ్రహం పక్కన చాలాసేపు నిలబడ్డారు. ఆ పేజ్ మేజర్ లీగ్‌లో మొదటిసారి ఆడింది 1948లో, 42 ఏళ్ల వయసులో.

గంటన్నర అనుకున్నది మూడున్నర గంటలైంది. ఆకలికి మా ఆవిడ చిరాకు పడలేదంటే ఆమెకీ నచ్చినట్టే. బయటికొచ్చేటప్పుడు మోనార్క్స్ టోపీ 32 డాలర్లు, నాన్నకి.

సాయంత్రం కాఫ్‌మన్ స్టేడియంలో ఈ ఊరి మేజర్ లీగ్ జట్టు రాయల్స్ ఆట. పైన సీట్లు, మనిషికి 22 డాలర్లు, నలుగురికి 88. మైదానం వెనక ఫౌంటెన్లు బాగుంటాయి. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ 2023లో వచ్చాక ఆట రెండున్నర గంటలకి కాస్త అటూ ఇటూగా ముగుస్తోంది, బోరు కొడుతుందని భయపడక్కర్లేదు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక నీలం సీట్ల మధ్య ఒక్కటే ఎర్ర సీటు ఉంటుంది, దాన్ని వెతికి చూడండి. అది బక్ ఓనీల్ గుర్తు. ఊరికి మంచి చేసిన ఒకరిని ఎంచి ప్రతి ఆటకీ అందులో కూర్చోబెడతారు. 2006లో నీగ్రో లీగులకీ, వాటికి ముందు కాలానికీ చెందిన పదిహేడు మందిని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకుని ఆయన్ని వదిలేశారు. అయినా ఆయన కూపర్స్‌టౌన్ వెళ్లి వాళ్ల తరఫున సంతోషంగా మాట్లాడాడు. అదే అక్టోబర్‌లో 94 ఏళ్లకి పోయాడు. ఆయనకి ఆ గౌరవం 2022లో గానీ దక్కలేదు. ఇదంతా మావాడికి చెప్తుంటే వాడు ఆట వదిలేసి ఆ సీటు వైపే చూశాడు.

తిండి విషయానికొస్తే, ఈ ఊరి బార్బెక్యూకి పేరుంది. టర్కీ, రిబ్స్ తీసుకున్నాం, నలుగురికి 71 డాలర్లు. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. నాన్నకి సాస్ తియ్యగా అనిపించి, వెంట తెచ్చుకున్న కారప్పొడి చల్లుకున్నారు.

రెండ్రోజులు చాలు. మ్యూజియానికి పొద్దున తలుపు తీసే టైముకే వెళ్లి, కనీసం సగం రోజు పెట్టుకోండి. సోమవారం సెలవు, చూసుకుని బయల్దేరండి.