పీ0401 కోడ్, ఏడు వందల స్కానర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కొన్న కొత్తలో రాసుంటే ఈ కారు స్కానర్‌కి ఐదు స్టార్లూ ఇచ్చేసేవాణ్ణి. ఐదో నెలలో రాసుంటే బందరు కాలవలో పారేయమని రాసేవాణ్ణి. నాలుగేళ్లు, నలభై వేల కిలోమీటర్లు అయ్యాక ఇప్పుడు కాస్త నిదానంగా చెప్పగలను.

మాది 2016 మోడల్ డీజిల్ కారు. ఒకరోజు బెంజి సర్కిల్ దగ్గర ఇంజిన్ లైటు వెలిగింది. పికప్‌లో తేడా లేదు, శబ్దం మామూలే. సర్వీస్ సెంటర్‌లో బండి కంప్యూటర్‌ని స్కాన్ చేసి, అందులో నమోదైన లోపం కోడ్ చూసి, "పీ0401 సార్, ఈజీఆర్ వాల్వ్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. పద్దెనిమిది వేలు, లేబర్ విడిగా. ఇంటికొచ్చి వెతికితే ఆ కోడ్‌కి అర్థం వాల్వ్ పోయిందని కాదు, ఈజీఆర్‌లో రావాల్సినంత పొగ రావడం లేదని మాత్రమే. పొగ ఎందుకు రావట్లేదో తేల్చుకోవాల్సింది మనమే. ఆ రాత్రే ఏడు వందలు పెట్టి, ఇలాంటి కోడ్లని ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ ఆర్డర్ చేశాను.

ఈజీఆర్ గురించి ఒక్క మాట. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపే తలుపు అది. ఆ పొగ కలిస్తే సిలిండర్‌లో వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. పొగలోని మసికి ఇంజిన్ బ్రీతర్ (లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి తోడై దారంతా గారలా పట్టేస్తుంది. రోజూ ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో తిరిగే నాలాంటి వాళ్ల బండికి మరీ తొందరగా.

స్కానర్‌ని స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరవడమే. అందరిలాగే నేనూ ముందు కోడ్ చెరిపేశాను. లైటు ఆరింది. సంబరం మూడు రోజులే, మళ్లీ వచ్చింది. చెరిపే బటన్‌తో రోగం పోదు కదా. ఈ పరికరం అసలు పనికొచ్చేది లైవ్ డేటాకి, అంటే ఇంజిన్ ఆన్‌లో ఉండగా వచ్చే అంకెలకి. బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి: ఈజీఆర్‌ని ఎంత తెరవమని కంప్యూటర్ అడుగుతోంది, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ దగ్గర గాలి ఎంత పోతోంది. ఈజీఆర్ తెరుచుకుంటే పొగ లోపలికొచ్చి, ఆ మేరకు బయటి గాలి తగ్గాలి. నా బండిలో తెరవమని ఆర్డర్ వెళ్తూనే ఉంది, గాలి మాత్రం సెకనుకి ఎనిమిది గ్రాముల దగ్గర కదలకుండా కూర్చుంది.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర వాల్వ్ ఊడదీయించాను. లోపల వేలు పెడితే కాటుక ముద్దలో పెట్టినట్టు దిగబడింది. దారి చిటికెన వేలు పట్టేంత కూడా మిగల్లేదు. గీకి, కార్బ్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కొత్త గాస్కెట్ వేశాడు. క్లీనర్ చుక్క డయాఫ్రమ్ (వాల్వ్‌ని కదిపే పలచటి పొర) మీద పడకుండా గుడ్డ చుట్టాడు, ఎందుకంటే లోపల ఉండేది రబ్బరు. అంతా కలిపి పందొమ్మిది వందలు. స్టార్ట్ చేసి చూస్తే గాలి ఐదు గ్రాములకి దిగింది. అప్పుడే ఐదు స్టార్లు ఇవ్వాలనిపించింది.

ఐదో నెలలో అదే లైటు, అదే కోడ్, అదే ఎనిమిది గ్రాములు. ఒళ్లు మండింది. మళ్లీ మసి పట్టిందని నేను తేల్చేశాను. మెకానిక్ మాత్రం, "ఆగండి సార్, ఊరికే ఊడదీయడం ఎందుకు" అంటూ వాల్వ్‌ని లాగి తెరిచే వాక్యూమ్ వచ్చే సన్నటి పైపు పీకి, అక్కడ చేతి పంపు తగిలించాడు. రెండు సార్లు నొక్కగానే వాల్వ్ కడ్డీ టక్కున లేచింది, ఇంజిన్ శబ్దం బొంగురుపోయింది, నా ఫోన్‌లో అంకె ఐదుకి పడింది. అంటే దారి బాగానే ఉంది, వాక్యూమే అందడం లేదు. చూస్తే పైపు చివర వేడికి వెంట్రుకంత చీలిక. తొంభై రూపాయల పైపు!

"రేకు పెట్టి ఈజీఆర్ మూసేస్తే పీడా పోతుంది" అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. పొగ రాకపోతేనే కదా ఈ కోడ్ వస్తోంది, మూసేస్తే ఎలా పోతుందో వాళ్లకే తెలియాలి. పైగా అది మన కాలుష్యాన్ని ఊరి మీదకి వదలడం.

ఇక స్కానర్ లోపాలు. పెట్టె మీద ఈఎల్ఎం327 (లోపలి చిప్ పేరు), వెర్షన్ 1.5 అని ఉంటుంది. అసలు చిప్ తయారుచేసిన కంపెనీ ఆ వెర్షనే విడుదల చేయలేదు, ఇదంతా నకలు సరుకు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నా బండిలో చదవదు. మావిడ ఐఫోన్‌కి కనెక్ట్ కాదు. బండి ఆపేసినా ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుంది. సంక్రాంతికి దీన్ని తీయడం మరచి ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి బ్యాటరీ డౌన్. తోయడానికి వాచ్‌మన్ని పిలవాల్సొచ్చింది. అప్పట్నుంచి పని అవగానే పీకి డాష్‌బోర్డులో పడేస్తున్నాను.

నేనైతే నాలుగు స్టార్లు ఇస్తాను. పైపు మార్చాక ముప్పై వేల కిలోమీటర్ల పైనే తిరిగాను, లైటు మళ్లీ రాలేదు. స్కానర్ మాత్రం పోయిన నెల మా బామ్మర్ది పట్టుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.