డచ్చి ఇంటిపేర్ల బ్యాంకు: నాలుగు నక్షత్రాలు

విశాఖ రేవులో ఓడల ఏజెన్సీ గుమాస్తాను. డ్రెడ్జర్ల (రేవులో పూడిక తీసే ఓడల) మీద వచ్చే డచ్చి అధికారుల పేర్లు క్రూ లిస్టులో ఎక్కించేది నేనే. ‘వాన్ డెన్ బర్గ్’ను ‘వి’ అక్షరం కింద రాయాలా, ‘బి’ కిందనా అన్న తగవు మా ఆఫీసులో ఎప్పటినుంచో ఉంది. హేగ్‌లోని వంశచరిత్ర కేంద్రం ఇంటర్నెట్‌లో నడిపే ఇంటిపేర్ల బ్యాంకు ఆ తగవు తీర్చింది. అందులో ‘బర్గ్’ ముందు, కామా పెట్టి ఆ తర్వాత ‘వాన్ డెన్’. నెదర్లాండ్స్‌లో వరుస అంతే; బెల్జియంలో మాత్రం ‘వాన్’తోనే మొదలు.

పైసా ఖర్చు లేదు. పేరు నొక్కితే 1947 జనగణనలో ఎందరు, 2007లో ఎందరు, ఏ పురపాలికలో ఎక్కువ అన్నది మ్యాపుతో సహా వస్తుంది. ‘డైక్‌స్ట్రా’ కొట్టి చూడండి: ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అంతా రంగు ముదిరి కనిపిస్తుంది. కరకట్ట పక్కన కాపురమున్నవాడని అర్థం; చివరి ‘స్ట్రా’ ఫ్రీసియన్ల ముద్ర.

‘వాన్ డెన్ బర్గ్’ అంటే కొండ దగ్గరివాడు. ఐరోపాలోని నెదర్లాండ్స్ మొత్తంలో ఎత్తయిన చోటు 322 మీటర్లు! అక్కడ చిన్న దిబ్బ కూడా కొండే. సింహాచలం కొండ కింద పెరిగినవాణ్ని, నవ్వాగలేదు. ‘వాన్ బ్యూరెన్’ది ఇంకో దారి, అది బ్యూరెన్ అనే ఊరి పేరు. అమెరికా 8వ అధ్యక్షుడి ఇంటిపేరూ అదే. ఊళ్లో ఉన్నన్నాళ్లు అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి, ఇలాంటి పేరు సాధారణంగా పొలిమేర దాటాకే అంటుకుంటుంది. మన నిడదవోలు వారు, ఏలూరు వారు అలా అయినవాళ్లే కదా. 1811లో నెపోలియన్ ప్రభుత్వం ఇంటిపేరు నమోదు తప్పనిసరి చేసింది గానీ, చాలామందికి అప్పటికే ఉన్నాయి.

ఒక నక్షత్రం ఎందుకు కోశానంటే, వివరణలన్నీ డచ్చిలోనే. అనువాద యంత్రానికి అప్పగిస్తే మనుషుల పేర్లను కూడా అనువదించి పారేస్తుంది. ‘వాన్ డైక్’ గారు ‘గట్టు నుంచి’ గారవుతారు. అరుదైన పేర్లకు చాలాచోట్ల అంకెలే తప్ప అర్థం ఉండదు. వెతికేటప్పుడు ‘వాన్’, ‘డెన్’ వదిలేసి అసలు పేరే కొట్టండి, రూపాలన్నీ వరుసగా వస్తాయి.