నంబరు కంటితో చదివితేనే లెక్క: పన్నెండేళ్లు పాటించిన నియమంపై సమీక్ష

సైనిక విమానం తోక మీదో ముక్కు పక్కనో ఉన్న సీరియల్ నంబరును బైనాక్యులర్స్‌తో స్వయంగా చదివితేనే దాన్ని, చూసిన విమానాలను నమోదు చేసుకునే నా పుస్తకంలోకి ఎక్కించాలనే నియమాన్ని పన్నెండేళ్లుగా పాటిస్తున్నాను. దాని మీద నా మమకారం నేటికీ తగ్గలేదు. విమానంలోని ట్రాన్స్‌పాండర్ (తన గుర్తింపును రేడియో సంకేతంగా పంపే పరికరం) 1090 మెగాహెర్ట్జ్ మీద పంపే 24 బిట్ల చిరునామాను నా దగ్గరి రిసీవర్ పట్టుకున్నంత మాత్రాన, మబ్బుల పైన వెళ్లిన సీ-17 రవాణా విమానాన్ని నేను చూసినట్టు కాదు. నాటో వారి ఈ-3ఏ నిఘా విమానాలకు పౌర విమానాల తరహాలో లక్సెంబర్గ్ రిజిస్ట్రేషన్ ఉన్నా, అవి చేసేది సైనిక విధి కనుక వాటిని లెక్కిస్తాను.

నియమం దెబ్బతిన్నది ఇక ఎగరని విమానాల దగ్గర. నాలుగేళ్ల క్రితం ఒక ప్రదర్శనశాల ఆవరణలో నిలిపిన ఎఫ్-104 యుద్ధ విమానం నంబరును అంకె అంకె సరిచూసుకుని, ఎంతో కాలంగా వెతుకుతున్నది దొరికిందన్న ఆనందంతో రాసుకున్నాను. సాయంత్రం ఏటవాలు ఎండ పడేసరికి, అదే తోక మీద, కొత్త పెయింటు పొర కింద నుంచి మరో నంబరు అంచులు సన్నగా ఉబ్బి కనిపించాయి. సిబ్బంది అనుమతితో తయారీ ఫలకం చూస్తే, అందులోని సంఖ్య నేను రాసుకున్న విమానానిది కానే కాదు. పేరున్న విమానం దొరకనప్పుడు అదే రకానికి చెందిన మరొకదానికి ఆ రంగులూ ఆ నంబరూ వేసి నిలబెట్టడం ప్రదర్శనశాలల్లో మామూలేనని అప్పుడు తెలిసింది. నేను చదివింది నిజమే. చూసింది మాత్రం వేరే విమానాన్ని. ఆ రాత్రి పుస్తకమంతా తిరగేసి, నేల మీద చూసిన ప్రతిదాని పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను. తర్వాత ఒక్కొక్కటీ విచారించుకుంటూ పోతే ఏడింటిని కొట్టివేయవలసి వచ్చింది. అప్పటి నుంచి, ఎగరని వాటికి తయారీ సంఖ్య తేలితేనే లెక్క.

ఎగిరే వాటి విషయంలోనూ కన్ను ఒక్కటే చాలుతుందని ఒకప్పుడు అన్నంత గట్టిగా ఇప్పుడు అనలేను. అమెరికా రవాణా విమానాల తోక మీద విమానానికి ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరంలోని చివరి అంకె మాత్రమే నంబరు ముందు ఉంటుంది కాబట్టి, 4తో మొదలైన సీ-130 రవాణా విమానం 1964 నాటిదో 1974 నాటిదో తేల్చడానికి ఇంటికి వచ్చి సీరియల్ నంబర్ల జాబితా తెరవక తప్పదు.

రన్‌వే చివర, విమానాలు కిందికి దిగే చోట, గంటల తరబడి నిలబడే వీలు నాకుంది కనుక ఈ నియమం నాకు సరిపోయింది. తల మీదుగా పది కిలోమీటర్ల ఎత్తున వెళ్లేవి తప్ప మరేవీ కనిపించని వారు దీన్ని పాటిస్తే పుస్తకం ఖాళీగానే ఉండిపోవచ్చు. వారికి రిసీవరే నయం, కాకపోతే విన్నవాటికి వేరే పేజీ కేటాయించుకోవాలి.