పిండి కొద్దీ రొట్టేనా? కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు మేలా, మనుషులు మేలా

నేను ఎంఎస్ చేసిన కాలేజీ చిన్నది, దాని ఫుట్‌బాల్ టీమ్ ఇంకా చిన్నది. (ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికా ఆట.) వచ్చిన మొదటి సెప్టెంబర్‌లోనే మా టీమ్ ఓ పెద్ద కాలేజీ మీద ఆడటానికి వాళ్ల ఊరు వెళ్తుంటే, రూమ్మేట్ల కారులో ఇరుక్కుని నేనూ పోయాను. ఆట పెద్దగా అర్థం కాలేదు గానీ ఒకటి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. మా వైపు గీత దగ్గర హెడ్‌సెట్లు పెట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అవతలి వైపు ఒకే రంగు చొక్కాల్లో పెళ్లి విడిదిలా జనం. "అన్నా, వాళ్లలో ఆడేవాళ్లెవరు, ఆడించేవాళ్లెవరు?" అని సీనియర్‌ని అడిగితే, "ఆడించేవాళ్లే ఎక్కువున్నట్టున్నారు రా" అన్నాడు.

మొదటి సగంలో మా వాళ్లు పక్కకి విసిరే ఓ చిన్న పాస్ మూడుసార్లు పారింది. రెండో సగంలో ఒక్కసారీ పారలేదు, బంతి వచ్చేలోపే వాళ్ల మనిషి అక్కడ కాపు కాసి ఉన్నాడు. పైన అద్దాల గదిలో కూర్చున్న ఎవరో ఒకరు పట్టేశారు, ఇరవై నిమిషాల విరామంలో కింద అందరికీ నేర్పేశారు. మా దగ్గర ఆ పని చేయడానికి మనిషే లేడు.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక కాలేజీ చేతిలో డబ్బుంటే ఎక్కడ పెట్టడం మేలు? పేరున్న హెడ్ కోచ్ మీదా, బిల్డింగుల మీదా, ఆటగాళ్ల మీదా, లేక ఆ ఒకే రంగు చొక్కాల గుంపు, అంటే కోచింగ్ స్టాఫ్ మీదా?

హెడ్ కోచ్ సంగతి చెప్పాలంటే టెక్సాస్ ఎ అండ్ ఎమ్ అనే కాలేజీని మించిన కథ లేదు. 2017 డిసెంబర్‌లో హెడ్ కోచ్‌గా తెచ్చుకున్న జింబో ఫిషర్‌కి పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు, అదీ పూర్తి గ్యారంటీతో రాసిచ్చారు. 2021లో ఇంకా పెంచారు. 2022లో కొత్తగా చేర్చుకున్న కుర్రాళ్లలో దేశంలోకెల్లా గొప్ప బ్యాచ్ వాళ్లదే అన్నారు. ఆ సీజన్‌లోనే సొంత గడ్డ మీద అపలాచియన్ స్టేట్ అనే చిన్న టీమ్ చేతిలో 17-14తో ఓడిపోయి, చివరికి 5 గెలుపులు, 7 ఓటములతో తేలారు. తమాషా ఏంటంటే, ఆ ఆటకు రమ్మని అపలాచియన్‌కి 15 లక్షల డాలర్లు ఇచ్చింది వీళ్లే! ప్లేలు పిలిచే పని, అంటే ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో చెప్పే పని, ఫిషర్ చాలాకాలం తన చేతిలోనే పెట్టుకున్నాడు, ఇంకొకరికి ఇచ్చేసరికే ఆలస్యమైపోయింది. 2023 నవంబర్‌లో తీసేస్తే, పని చేయకుండా ఉండటానికి ఆయనకు ఇవ్వాల్సింది దాదాపు 7.6 కోట్లు. అంత డబ్బుతో ఎంతమంది మంచి అసిస్టెంట్లను ఎన్నేళ్లు పెట్టుకోవచ్చో మీరే లెక్కేసుకోండి.

బిల్డింగుల గురించి ఎక్కువ చెప్పను. నార్త్‌వెస్టర్న్ అనే కాలేజీ మిషిగన్ సరస్సు ఒడ్డున 27 కోట్ల డాలర్లతో ప్రాక్టీస్ ప్యాలెస్ కట్టింది, 2018లో తెరిచింది. చూడముచ్చటగా ఉంటుంది. 2022లో ఆ టీమ్ పన్నెండు ఆటల్లో గెలిచింది ఒకటే, అది కూడా అమెరికాలో కాదు, ఐర్లండ్ వెళ్లి డబ్లిన్‌లో.

మనుషుల మీద పెట్టిన కాలేజీ అంటే అలబామా. నిక్ సాబన్ అక్కడ హెడ్ కోచ్‌గా 2007 నుంచి 2023 సీజన్ దాకా ఉండి ఆరు జాతీయ టైటిళ్లు కొట్టాడు. ఆయన కింద డబ్బుకి లోటు ఏనాడూ లేదు, ఒప్పుకుంటాను, కానీ డబ్బున్న కాలేజీలు ఇంకా చాలా ఉన్నాయి కదా. అప్పటి రూల్ ప్రకారం మైదానంలో కోచింగ్ ఇవ్వడానికి హెడ్ కోచ్, తొమ్మిది మంది అసిస్టెంట్లు (2018 నుంచి పదిమంది), అంతే. కానీ ఆఫీసులో కూర్చుని వీడియో చూసే అనలిస్టులకు మాత్రం లెక్క లేదు. సాబన్ ఆ సందులోంచి దూరాడు. ఎక్కడెక్కడో ఉద్యోగం పోయిన హెడ్ కోచ్‌లను పిలిచి అనలిస్టులుగా కూర్చోబెట్టాడు. టెనసీ కాలేజీ వాళ్లు హెడ్ కోచ్ పదవి నుంచి తీసేసి 80 లక్షల డాలర్ల పైచిలుకు పరిహారం ఇస్తున్న బుచ్ జోన్స్ అలబామాలో దాదాపు 35 వేల డాలర్ల జీతానికి చేరాడు. అంటే ప్రత్యర్థి జేబులోంచి జీతం, పని మాత్రం ఇక్కడ! ఇప్పుడు టెక్సాస్ హెడ్ కోచ్‌గా ఉన్న స్టీవ్ సార్కీసియన్ 2016లో అక్కడ అనలిస్టే, ఫైనల్ ముందు కోఆర్డినేటర్ (ఆట ప్లాన్లు నడిపే పెద్ద అసిస్టెంట్) వెళ్లిపోతే ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఫైనల్ ఓడిపోయారు లెండి. కానీ దేశంలో ఏ కాలేజీకి వారంలో అలాంటి మనిషి దొరుకుతాడు?

వీళ్లంతా చేసే పని వినడానికి గొప్పగా ఉండదు. మూడో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏడు గజాలు కావాల్సి వచ్చినప్పుడు అవతలి వాళ్లు ఎన్నిసార్లు ఎటు విసిరారు, ఏ ఆటగాడు అలిసిపోతే పాదం ఎలా పెడతాడు, ఇలాంటివి వచ్చే వారం ప్రత్యర్థివి మాత్రమే కాదు, ఆ పై వారం ప్రత్యర్థివి కూడా ముందే తీసి పెడతారు. చిన్న కాలేజీలో ఇదే పని చేయాల్సింది ప్రాక్టీస్ చేయించే కోచే, అదీ రాత్రి ప్రాక్టీస్ అయిపోయాక. 2024 జూన్‌లో కాలేజీ ఆటల రూల్స్ పెట్టే సంస్థ ఎన్‌సీఏఏ ఆ పదిమంది లెక్క కూడా ఎత్తేసింది, ఇప్పుడు అనలిస్టులు కూడా మైదానంలో దిగి నేర్పించొచ్చు. రూల్ అందరికీ ఒకటే, జీతాలు ఇచ్చే స్తోమత ఉన్నవాడికే అది లాభం.

ఆటగాళ్ల దగ్గరికొస్తే, 2025-26 నుంచి కాలేజీ నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వొచ్చు, అన్ని ఆటలకూ కలిపి మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. అంతకుముందు ఏడాదే ఒహాయో స్టేట్ టీమ్ ఖరీదు దాదాపు 2 కోట్లు అని వాళ్లే చెప్పారు, టైటిల్ కూడా కొట్టారు. కాబట్టి కుర్రాళ్ల మీద పెట్టిన డబ్బు వృథా అనను. కాకపోతే ఏ కుర్రాడి మీద పెట్టాలో చెప్పేది మళ్లీ ఆ స్టాఫే.

ఇండియానా చూడండి. 2023లో 3-9, అంటే మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. ఆ టీమ్ మీద జోకులే తప్ప ఆశలు ఉండేవి కావు. జేమ్స్ మాడిసన్ అనే చిన్న కాలేజీ నుంచి కర్ట్ సిగ్నెట్టిని హెడ్ కోచ్‌గా తెచ్చుకున్నారు. ఈయన సాబన్ మొదటి బ్యాచ్ అసిస్టెంట్, అలబామా వదిలేసి డివిజన్ టూ (కింది స్థాయి) కాలేజీకి తక్కువ జీతానికి వెళ్లిన మనిషి. తనతో పాటు ఇద్దరు కోఆర్డినేటర్లను, పదమూడు మంది ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. స్కూల్లో ఉన్నప్పుడు ఎన్ని స్టార్ల రేటింగ్ ఇచ్చారని చూడలేదు, ఇప్పటిదాకా ఏం ఆడాడు అని చూశాడు. 2024లో 11-2, 2025లో 16-0, ఫైనల్లో మయామీ మీద 27-21, జాతీయ టైటిల్! అక్కడ కూడా డబ్బు లేదని కాదు, మార్క్ క్యూబన్ లాంటి కోటీశ్వరులైన పూర్వ విద్యార్థులు ఉన్నారు. కానీ ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు ముందు వచ్చారు, పెద్ద జీతాలు గెలిచాక వచ్చాయి. ఎ అండ్ ఎమ్ దీన్ని తిరగేసి చేసింది.

అందుకే పోటీలో నిలవాలంటే స్టాఫ్‌లో ఉన్న లోటే ముందు పూడ్చాలంటాను నేను. ముఖ్యంగా మధ్యస్థంగా డబ్బున్న కాలేజీలు. బిల్డింగ్ ఆపి, కోఆర్డినేటర్లకు రెండేళ్లు కాదు నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి, వీడియో గదిలో ఇంకో ముగ్గుర్ని కూర్చోబెట్టుకుంటే, డబ్బు తక్కువైనా ఐదారు గెలుపులు ఎనిమిది అవుతాయి.

మరీ చిన్న కాలేజీలకు మాత్రం ఈ సలహా పూర్తిగా పనిచేయదు, ఎందుకంటే తయారు చేసుకున్న మనిషి తమ దగ్గర ఉండడు. 2025 ప్లేఆఫ్స్‌కి (జాతీయ టైటిల్ కోసం చివర్లో ఆడే నాకౌట్ ఆటలు) టులేన్, జేమ్స్ మాడిసన్ అనే చిన్న కాలేజీలు వచ్చాయి, పెద్ద విషయమే. కానీ ఆట మొదలయ్యేసరికే టులేన్ కోచ్ ఫ్లోరిడాకి, జేమ్స్ మాడిసన్ కోచ్ యూసీఎల్‌ఏకి ఒప్పేసుకున్నారు. రెండూ మొదటి రౌండ్‌లోనే పోయాయి.

మా కాలేజీకి కూడా అదే జరిగింది. రెండేళ్ల తర్వాత డాలస్‌లో ఫ్రెండ్ ఇంట్లో టీవీ చూస్తుంటే, ఆ రోజు మమ్మల్ని చితక్కొట్టిన టీమ్ ఆడుతోంది. గీత పక్కన అదే రంగు చొక్కాల గుంపు. అందులో మూడో వరసలో, చేతిలో క్లిప్‌బోర్డ్ పట్టుకుని, మా డిఫెన్స్ కోచ్‌ల్లో ఒకాయన.